నలభై ఒకటోది

నా అసలు కొలువు పట్టుపురుగుల శాఖలో.
పలమనేరు మార్కెట్లో గూడు చేతికి తీసుకుని
చెవి దగ్గర ఆడించి
లోపలి పురుగు ఎండిందో, ఇంకా పచ్చిగానే ఉందో
చెప్పగలను.
ఈ వారం మాత్రం చిత్తూరులో
ఒక డివిజనుకు ఎన్నికల అధికారిని.

కాలేజీ కెమిస్ట్రీ ల్యాబు.
బల్లల మీద యాసిడ్ మచ్చలు,
మచ్చల మీద పాతిక చొప్పున కట్టిన ఓట్లు.
కాగితాలు ఎగురుతాయని ఫ్యాన్లు ఆపించాను.
చొక్కాలు వీపులకు అంటుకున్నాయి.
సీసాల వెనక సింకులో
ఎవరో కొళాయి తిప్పితే
గాలి మాత్రం వచ్చింది.

కుట్టుమిషను, నసీమున్నీసా:
వెయ్యిన్నూట ముప్పై ఎనిమిది.
కొబ్బరికాయ, ధనభాగ్యమ్మ:
వెయ్యిన్నూట ముప్పై తొమ్మిది.
మళ్లీ లెక్కపెట్టాం.
మొగిలయ్య వేలు తడుపుకునే స్పాంజి ఎండిపోయింది.
అంకె కదల్లేదు.

అప్పుడు విప్పారు చెల్లనివాటి కట్ట.
ఒకదాని మీద రెండు ముద్రలు.
ఒకదాని మీద బొటనవేలు.
ఒకటి ఏ గుర్తునూ తాకకుండా
నాలుగు మడతలు పెట్టిన ఉత్త తెలుపు.
నలభై ఒకటోది అట్లా కాదు.
కుట్టుమిషను మీద నిక్కచ్చిగా పడింది ముద్ర.
కింద బాల్ పెన్నుతో, గుండ్రటి బడి రాత:
"మా వీధికి నీళ్లు పదైదు దినాలకొకసారి."

చెల్లితే సమానం.
సమానమైతే చీటీలు.

ఓటరెవరో తెలిసిపోయే రాత ఉంటే ఓటు చెల్లదు,
అంతవరకే చెప్పి ఊరుకుంటుంది నిబంధన.

కొబ్బరికాయ ఏజెంటు చెంగల్రాయులు లేచాడు.
"తెలిసిపోతాది సార్.
డివిజన్ మొత్తానికీ అట్లాంటి వీధి ఒక్కటే.
మిగతా అన్ని చోట్లా దినం మార్చి దినం వస్తా ఉండాయి."
అవతలి ఏజెంటు గడ్డం సరిగా రాని పిల్లోడు.
"ఏ వీధిలో వస్తా ఉండాయో చెప్పన్నా,
బిందె తీసుకుని నేనే పోతా."
ల్యాబంతా నవ్వింది.
నేను కూడా, కొంచెం.

నవ్వి, ఆలోచించాను.
వీధి ఒక్కటే అయితే ఇళ్లు ఎన్నని ఉంటాయి?
ఆ గుండ్రటి రాత ఏ ఇంటిదో
పొద్దున కాఫీ తాగేలోపు ఆరా తీసేస్తారు.
ఆ మనిషిని కాపాడుతున్నాననే అనుకుని
ఎర్ర ముద్ర కొట్టాను: తిరస్కరించడమైనది.

నిజం చెప్పాలంటే అప్పటికి రాత్రి పదకొండు.
చీటీలు రాయడానికి, డబ్బా వెతకడానికి,
మళ్లీ పైకి ఫోను చేసి ఎవర్నో నిద్రలేపడానికి
ఓపిక లేదు.
అదీ ఉంది.

పత్రం మూడు ప్రతులు.
"సక్రమంగా ఎన్నికైనట్లు
ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాను."
సక్రమంగా దగ్గర పెన్ను ఆగింది,
సిరా అయిపోయి కాదు.
ధనభాగ్యమ్మ భర్త చెయ్యి చాపాడు.
నేను ఆవిడను పేరు పెట్టి పిలిచాను.
చేతులు కొంగుకు తుడుచుకుని అందుకుంది,
పేరులో భకు ఒత్తు పడిందా అని చూసుకుంది.
నసీమున్నీసా మూలన నిలబడి ఉంది.
"పోయినోళ్ల సంతకం కూడా కావాలా సార్?"
అడిగి, పెట్టింది.

మా శాఖలో గూళ్లను మరిగే నీళ్లలో వేస్తాం,
దారం కొస దొరకాలని.
ఇక్కడ లక్క కరిగించి
దొరికిన కొసలన్నీ మూసేశాం.
గోనెసంచికి నా సీలు,
ట్రెజరీ గదికి వాళ్ల తాళం.

మర్నాడు రిలీవయ్యే ముందు
నీటి సరఫరా ఏఈకి ఫోను చేశాను.
ఎక్కడ చదివానో చెప్పలేదు.
"పదైదు దినాలకొకసారి నీళ్లొచ్చే వీధి
ఒకటుందంట, మీ పందొమ్మిదో డివిజన్లో."
"ఒకటా సార్?"
రిజిస్టరు తిప్పుతున్న చప్పుడు.
"పదకొండు ఉండాయి.
మీకేది కావాల?"