ఐసు లెక్క

పాయింట్ల పట్టిక అందురూ పేపర్లో చూసుకుంటారు.
నా పట్టిక ఐసులో ఉండాది.

కరకంబాడి రోడ్డులో ఐసు ఫ్యాక్టరీ.
పొద్దున్నే దిమ్మెకు గోనెపట్టా చుట్టి
టీవీఎస్ వెనక కట్టుకొస్తా.
ఆగస్టులో ఆటకు ఒక దిమ్మె,
అదీ సగం నిమ్మకాయ నీళ్లలోకే పోయేది.
అప్పుడు మా టీము మూడో స్థానం.

చెంగల్రాయులు మోకాలు చిత్తూరులో పోయింది.
ముప్పై ఒకటో నిమిషం.
ఎవురూ తాకలా. బంతి కూడా తాకలా.
తిరగబోయినాడు,
బూటు గడ్డిలో నిలబడిపోయింది, మనిషి తిరిగినాడు.
చెరుకుగడ విరిస్తే వస్తాదే, ఆ శబ్దం
గీత బయటున్న నాకు ఇనబడింది.
పెట్టె ఎత్తుకోని పరిగెత్తినా.
దాని మూత యాడ పడిందో ఈ రోజుకీ తెలీదు.
"ఏం కాలేదు లేన్నా" అన్నాడు,
నాకు ధైర్యం చెప్పేదానికి.

వాడు గోల్ కొట్టే మనిషి కాదు.
మూడేండ్లలో రెండే కొట్టినాడు,
అందులో ఒకటి మా గోల్‌లోకే.
పేపర్లో వాడి పేరు ఎప్పుడూ తప్పుగానే పడేది.
అయినా వాడు లేని మొదటి ఆటలో
మావోళ్లు బంతిని ఖాళీ గడ్డికి ఇచ్చినారు,
మళ్లీ మళ్లీ, అదే గడ్డికి.
ఇల్లు మారినాక కూడా చీకట్లో
పాత గోడమీదే స్విచ్చి తడిమే చెయ్యి మాదిరి.

ఆ ఖాళీ పూడ్చేదానికి
దామోదరం ఇద్దరి పరుగు పరిగెత్తినాడు.
మూడో ఆటకు తొడ వెనక నరం పట్టేసింది.
వాడి బరువు నౌషాద్ మీద పడింది.
నౌషాద్ నొప్పి దాచుకోని ఆడినాడు,
కాంట్రాక్టు మార్చిదాకే గదా.
బస్సు దిగేటప్పుడు వాడు కమ్మీ పట్టుకునేది నేను చూసినా.
చూసి, కోచ్‌కు చెప్పలా.
ఆ తప్పు ఏ దిమ్మె కింద రాసుకోవాల్నో తెలీక
ఇంకా చేతిలోనే పెట్టుకోనుండా.

దసరాకు రెండు దిమ్మెలు.
డిసెంబరుకు మూడు.
పదో స్థానం.

చెంగల్రాయుల్ని మేనమామ పుత్తూరు కట్టుకు తీసకపోయినాడు.
కట్టు కట్టే పెద్దాయన
మోకాలు చుట్టూ వేళ్లతో నిదానంగా తడిమి
వెదురు బద్దలు పక్కన పెట్టేసినాడంట.
"ఎముకైతే నా చేతికి పలుకుతాదప్పా.
ఇది లోపల మోకు తెగిండాది.
నా ఆకుపసరు ఆడిదాకా పోదు."
రూపాయి కూడా తీసుకోలా.
తిరపతిలో ఆపరేషన్. తొమ్మిది నెలలన్నారు.
క్లబ్బోళ్లు రెండు నెలలు జీతం ఇచ్చినారు,
మూడో నెల ఫోను ఎత్తలా.

ఆరో నంబరు చొక్కా ఇంతియాజ్‌కు వచ్చింది.
పంతొమ్మిదేండ్ల పిలగాడు, భుజాలు జారిపోతా ఉండేవి.
నాలుగు గోల్స్‌తో ఓడిన రాత్రి
చెంగల్రాయులు రూముకు పోయి తలుపు కొట్టినాడు.
"అన్నా, యాడ నిలబడాల?"
చెంగల్రాయులు నొప్పి మాత్రల పట్టీ చించి
పదకొండు మాత్రలు దుప్పటి మీద పేర్చినాడు.
ఒక మాత్రను వేలితో జరిపి జరిపి
పన్నెండయ్యేదాకా చెప్పినాడు.
"బంతిని చూడబాక. తన్నేవోడి నడుముని చూడు."
ఆ తర్వాత ఆ మాత్రనే మింగి పడుకున్నాడు.

ఆఖరి ఆట మా గ్రౌండులోనే.
దామోదరం వచ్చినాడు, నౌషాద్ కుంటలా,
ఇంతియాజ్ ఆ ఖాళీ గడ్డిలో నిలబడినాడు,
బంతి వాడి కాలి కాడికే వచ్చింది.
రెండు గోల్స్‌తో గెలిచినాం.
ఒక్క పాయింటు తక్కువై కింది డివిజన్‌కు పోయినాం.

తొంభై నిమిషాలూ ఐసు ఎవురూ అడగలా.
జనం పోయినాక,
కట్టెలు పక్కన ఆనించుకోని గట్టుమీద కూర్చోనున్న
చెంగల్రాయులు పిలిచినాడు.
"అన్నా, ఒక ముక్క ఇయ్యి."
ఇచ్చినా.
మోకాలికి కాదు,
నోట్లో వేసుకున్నాడు.
బుగ్గ ఉబ్బించుకోని
ఖాళీ గ్రౌండు వైపు చూస్తా
అది కరిగేదాకా ఒక్క మాట మాట్లాడలా.