మూడో బేస్‌మెంట్ లాగ్‌బుక్

పద్నాలుగు అంతస్తుల గాజు మేడకి
కడుపెక్కడుందో నాకు తెలుసు.
అందులోనే నా డ్యూటీ.

పైన వాళ్ళు ముఖాలు కడుక్కుంటారు, కప్పులు తొలుస్తారు.
సోమవారం నీళ్ళలో కాఫీ ఎక్కువ,
శుక్రవారం సబ్బు నురగ.
ఒక్కరి పేరూ తెలియదు గానీ
పైన ఎప్పుడు విందు జరిగిందో
నూనె జిడ్డు వచ్చి చెబుతుంది.

ట్యాంకులో కోట్ల పురుగులు, కంటికి ఆనవు.
మురికే వాటికి అన్నం.
వరసగా నాలుగు రోజులు సెలవొస్తే
పస్తులు.
అప్పుడు బాగేపల్లి సంతలో కొన్న బెల్లం అచ్చు
బకెట్లో కరిగించి పోస్తాను,
పసిబిడ్డకి పట్టినట్టు, మెల్లగా.
"బిల్లులో ఏమని రాయాల మునెప్పా, ప్రసాదమనా?"
స్టోర్ కీపర్ దస్తగిరికి అదొక నవ్వు.

రాత్రిళ్ళు తొమ్మిదో అంతస్తు నాగవేణి తుడుస్తుంది.
మనిషి కదిలితేనే వెలుగుతాయి అక్కడి దీపాలు.
నడుం పట్టేసి కాసేపు కూర్చుంటే
చీకటి.
కూర్చున్నచోటే చెయ్యెత్తి ఊపుతుంది,
బస్సు ఆపినట్టు.

నిన్న ఆడిట్‌వాళ్ళు వచ్చారు.
గాజు జాడీలో నా నీళ్ళు పట్టి
వెలుతురుకి ఎత్తి చూసి
అద్దంలా ఉన్నాయన్నారు.
ఒకాయన వాసన చూడబోయి మానుకున్నాడు.
తర్వాత లాబీలో మొక్కల గోడ ముందు నిలబడి
ఫోటో దిగారు.
ఆ గోడ తాగేదీ నా నీళ్ళే.

కసవనహళ్ళిలో మా సందుకి
ట్యాంకరు నాలుగు రోజులకోసారి.
బియ్యం కడిగిన నీళ్ళతో బతుకుతున్న కరివేపాకు మొక్క
ఈ ఎండలకి ఆకు రాలుస్తోందని
ఐదు లీటర్ల క్యాను నింపుకుని గేటుదాకా పోయాను.
సెక్యూరిటీ ఆపాడు. అతని తప్పేం లేదు,
నెత్తిమీద బోర్డే ఉంది:
ఈ ఆవరణ దాటి ఒక్క చుక్క నీరు పోదు.

ఒట్టి మాట కాదు అది.
దానికోసం పదకొండేళ్ళుగా నిద్ర కాచింది నేనే.

వెనక్కెళ్ళి క్యాను ట్యాంకులో వంచాను.
లాగ్‌బుక్‌లో అంకెలు వేశాను:
వచ్చినవి ఎనభై రెండు వేల లీటర్లు,
బయటికి పోయినవి సున్నా.

పంపు కారి తడిసిన ప్యాంటు అంచులు
సిల్క్‌బోర్డు దగ్గర బస్సు మారినా ఆరలేదు.
ఇంటిముందు కుండీ మీద కాలెత్తి
ఒక అంచు పిండాను.
నాలుగు చుక్కలు.

సుగుణ గుమ్మంలోంచి చూసింది.
నవ్వలేదు.
"రెండో కాలు కూడా పిండు" అంది.