తాళంచెవుల గుత్తి

వాల్దీవియాలో వాన ఎవరినీ అడిగి రాదు.
బస్సు దిగి మలుపు తిరిగేలోగా సాక్సులు తడుస్తాయి.
చేపల బజారు వెనక సీ లయన్లు
అప్పులవాళ్లలా తిష్ఠవేసి అరుస్తుంటాయి.
నాకు నాలుగువందల ఎనభై గంటల ఇంటర్న్‌షిప్.
మొదటి గంటంతా పొయ్యిలోకి కట్టెలు మోశాను.

రెండో వారం ఒక నోటుబుక్కు చేతికొచ్చింది.
"మూల కుర్చీ నీది.
కన్నది రాయి. అనుకున్నది ఇంటికి తీసుకుపో."
ఓర్తెన్సియా బర్రీయా మాట అది.
ఇరవై రెండేళ్లుగా ఈ కేంద్రంలో
ఆమె ఎర్ర పెన్సిల్ అరగని రోజు లేదు.

పిల్లవాడు భయపడ్డాడు, అని రాశాను.
కొట్టేసింది.
"భయం ఏ రంగు చొక్కా వేసుకుంది?"
పాపం, తల్లి చాలా బాధలో ఉంది, అని రాశాను.
'పాపం' మీద రెండు గీతలు.
"తూకం వేశావా? ఎన్ని గ్రాములు?"
ఆ రాత్రి ఆమెను తిట్టుకుంటూ పడుకున్నాను.
నిద్ర కూడా ఆమె పక్షమే, రాలేదు.

ఆ తర్వాతే చూడటం మొదలుపెట్టాను.

అన్సెల్మో, ఏడేళ్లు.
కోటు విప్పడు. బొమ్మల పెట్టె తెరవడు.
తలుపవతల ఎవరి తాళంచెవులు గలగలమన్నా
చేతిలో క్రేయాన్ ఆగిపోతుంది.
మెడ ఓ పక్కకి వాలుతుంది.
పెదాలు కదుల్తాయి,
గుత్తిలో ఎన్ని ఉన్నాయో లెక్క.
అయిదైతే మళ్లీ రంగు వేస్తాడు.
నాలుగైతే బల్ల కిందికి.

ఆ నాలుగు ఎవరివో ఫైల్లో ఉంది.
ఫైలు చదివాను. ఇక్కడ చెప్పను.

తాళంచెవిలో చెవి ఎవరిదో
అప్పటిదాకా నాకు తెలీదు.

నా గుత్తిలోనూ నాలుగే.
సైకిల్ తాళంచెవి తగిలించి అయిదు చేశాను.
అయినా నమ్మకం చాలక, పిడికిట్లో మూసి నడిచేదాన్ని,
గూట్లోంచి జారిన పిచ్చుకపిల్లని పట్టుకున్నట్టు.
కాపలా ఉండే ఎబేర్తో నన్ను చూసి నవ్వాడు.
మర్నాడు తన గుత్తికి
ఊదారంగు ఉన్నిదారం చుట్టుకొచ్చాడు.
దాని గురించి ఎవరూ ఏమీ అనలేదు.

తల్లి శనివారాలు వస్తుంది, రెండు బస్సులు మారి.
గుమ్మడి కలిపి వేయించిన రొట్టెలు
గుడ్డలో చుట్టి, ఆ మూటని కోటులోపల దాచి,
వేడి చల్లారకుండా తెస్తుంది.
వాడు తినడు. వాసన చూసి జేబులో పెట్టుకుంటాడు.
ఆమె ఖాళీ గుడ్డని మడుస్తుంది, విప్పుతుంది, మడుస్తుంది.
పదకొండు, అని రాశాను.
"పదకొండు మడతలా? పదకొండుసార్లా?"
ఎర్ర పెన్సిల్ అడిగింది.

ఫోన్లో నాన్నమ్మ అడిగేది,
ఎంతమందిని కాపాడావే ఈ వారం?
కప్పులు కడిగాను నాన్నమ్మా.
ఊడిన షూ లేసు కట్టబోయాను,
వాడు కాలు వెనక్కి తీసుకున్నాడు,
ఆగాను.
అంతేనా, అంది.
అంతే.

నాలుగువందల డెబ్బై ఆరో గంట.
ఫోటోకాపీలు, గొడుగు, టీ కప్పు.
ఉన్న రెండు చేతులూ చాలక
గుత్తి జారి గచ్చు మీద పడింది.
దానికంటే ముందు నా గుండె పడింది.
సైకిల్ నిన్ననే అమ్మేశాను.
గుత్తిలో నాలుగే.

వంగి బల్ల కింద చూశాను. లేడు.
బల్ల దగ్గరే ఉన్నాడు, కుర్చీలో,
నాలుక కొస బయటపెట్టి
సీ లయన్‌కి మీసాలు గీస్తూ.
ఒక్కో మీసం ఒక్కో రంగు.
కోటు కుర్చీ వీపున వేలాడుతోంది.

రాశాను:
మూడూ నలభై. తాళంచెవులు కింద పడ్డాయి. నాలుగు.
పిల్లవాడు తల ఎత్తలేదు.

ఓర్తెన్సియా ఒకసారి చదివింది.
కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివింది.
పెన్సిల్ తీసి చెవి మీద పెట్టుకుంది.
లేచి వెళ్లి పొయ్యిలో ఒక కట్టె వేసింది,
అప్పటికే అది నిండా మండుతున్నా.