ఇతరములు

హలసూరులో మా కొట్టు. నాంచారయ్య అండ్ సన్స్.
బోర్డు మీది సన్స్‌లో మిగిలింది నేనొక్కణ్ణే.
తాత కుప్పం నుంచి ఒక్క కత్తెర పట్టుకుని వచ్చాడట.
దొరల భుజాలు కొలిచిన టేపు
ఇంకా డ్రాయర్లో ఉంది, అంగుళాలు అరిగిపోయి.

నేలకు ఆలివ్ పచ్చ. నీటికి తెలుపు. గాలికి నీలం.
ఈ మూడు తానులతో మూడు తరాలు తిన్నాం.

మొన్న కెప్టెన్ మందాకిని వచ్చింది.
చొక్కా మోచేతుల దగ్గర అరిగింది,
పాకి కాదు, రాత్రంతా బల్లకు ఆనించి.
"మాస్టారూ, మాకంటూ వేరే దళం వస్తే
ఏ రంగు కుడతారు?" అంది నవ్వుతూ.

నవ్వులోనే చెప్పింది మిగతాది.
రెండేళ్ళు ఒక దొంగ వెనక తిరిగిందట,
అడుగు చప్పుడు లేని దొంగ.
వాడు ఏ వేళకు నిద్ర లేస్తాడో,
ఏ అక్షరం దగ్గర తడబడతాడో పట్టుకునేసరికి
బదిలీ. జైసల్మేర్. జీపుల లెక్క.
"వాడికి బదిలీలు లేవు మాస్టారూ."

ట్రయల్ గది పరదా వెనక
కర్నల్ బెళ్ళియప్ప దగ్గాడు.
రిటైరై పదిహేనేళ్ళు. ఏటా ఒకసారి
అదే కోటు బిగువు చేయించుకుంటాడు.
"వేరు కుంపటి పెడితే పొయ్యి పెరుగుతుంది,
అన్నం పెరగదమ్మా.
ఇంకో జెండా, ఇంకో క్యాంటీను, ఇంకో జనరల్ కారు.
రేపు నా ట్యాంకులో రేడియో మూగబోతే
నీ దళానికి అర్జీ రాసుకోవాలా నేను?"

"ఇప్పుడు మాత్రం ఎవరికి రాస్తున్నారు సార్?"

పరదా కాసేపు కదల్లేదు.

నాకు యుద్ధం తెలీదు. గుడ్డ తెలుసు.
బయటికొచ్చిన కర్నల్ నడుముకు టేపు తిప్పుతూ అనుకున్నాను:
ఇది కోటా, అస్తరా?
అస్తరైతే ప్రతి కోటు లోపలా ఉండాలి,
పచ్చదానిలో, తెల్లదానిలో, నీలందానిలో,
పైకి కనపడకుండా ఒంటికి ఆనుకుని.
కానీ అస్తరు కుట్టే చెయ్యి వేరు.
దానికోసమే మా నాన్న మస్తాన్ సాహెబును పెట్టాడు,
పై పని ముట్టనిచ్చేవాడు కాదు.
ఒక దసరాకు తొందరపడి ముట్టనిచ్చాడు.
ఆ ఏడాది అస్తర్లన్నీ చంకల్లో చిరిగాయి.

చతురంగ బలాలంటారు.
రథం, ఏనుగు, గుర్రం, కాలిబంటు,
నాలుగూ కదిలితే దుమ్ము లేచేవే.
దుమ్ము లేవని దానికి బూటు కొలత ఎవరు తీస్తారు?
దాని రాతిఫలకం మీద ఎవరి పేరు చెక్కుతారు,
వెంటిలేటరు ఆగిన వార్డులో
ఆరో మంచం ముసలమ్మదా?

అప్పుడే కరెంటు పోయింది.
వీధంతా. బేకరీ ఓవెను, ఎదురింటి లిఫ్టు,
డబ్బు పడిందని అరిచే నా పెట్టె
(దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చింది).
ముగ్గురం ఒకరి ముఖం ఒకరం వెతుక్కున్నాం.
ట్రాన్స్‌ఫార్మర్లో ఉడత పడిందో,
ఎక్కడో ఎవడో వేలు కదిపాడో.
నిన్నటిదాకా నాకు అది ఉడతే.
ఈ పిల్ల వచ్చి
నా ఉడత మీద కూడా అనుమానం పెట్టింది.

తాత మెషీను మీది ముసుగు లాగి
కాలితో తొక్కడం మొదలెట్టాను.
"దీన్ని మాత్రం అమ్మెయ్యకు," అన్నాడు కర్నల్ చీకట్లోంచి.
ఆమె ఏమీ అనలేదు.
ఫోను వెలుగు సూది దగ్గర పట్టుకుంది.

మోచేతులకు లోపల్నుంచి అతుకు వేశాను,
చేతికి దొరికిన గుడ్డతో. రంగు చూడలేదు.

బిల్లు పుస్తకంలో నాలుగు గడులు:
ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్, ఇతరములు.
ఇతరముల్లో ఉన్నది పెళ్ళి బ్యాండు వాళ్ళు,
అపార్ట్‌మెంటు వాచ్‌మన్లు, హోటల్లో లిఫ్టు నొక్కే కుర్రాడు.
పెన్ను మొదటి గడి మీద పెట్టి, ఎత్తి,
"ఎక్కడ రాయనమ్మా?" అన్నాను.

"ఇప్పటికి ఖాళీగా వదిలెయ్యండి.
డబ్బు మాత్రం తీసుకోండి."

ఫోను చూపించింది. సిగ్నల్ లేదు.
జేబులు తడుముకుంది. నోట్లు లేవు.
కర్నల్ పర్సు తీసి
నూట ఎనభై లెక్కపెట్టి బల్ల మీద పెట్టాడు.
"అప్పు," అన్నాడు.