మేవిస్‌కి జవాబు

ఆగస్టు, శనివారం రాత్రి. బల్లరాట్‌లో
కారు అద్దం మీది మంచు గీకడానికి
లైబ్రరీ కార్డు వాడతాను.
పదహారేళ్లుగా అదే కార్డు. దాంతో పుస్తకాలు తెచ్చుకున్నది రెండుసార్లే.

కొత్త మెయిన్‌ఫ్రేమ్ గురువారమే దిగింది,
మెల్‌బోర్న్ నుంచి లారీలో, నిలబడే వచ్చింది.
తలుపు మీది ప్లాస్టిక్ పొరని
ముంజె పొర తీసినట్టు ఒలిచాడు డారిల్.
పాలు పొంగించలేదు.
కాఫీ మెషీను పొంగింది, ఆ శకునం చాలనుకున్నాం.

పక్కనే పాతది, రొద పెడుతూ.
దాని లోపల మూడువందల పన్నెండు మెషీన్లు,
ఇనుము లేనివి,
ఇల్లంతా తమదే అనుకునే అద్దెవాళ్లు.
నీకో గడియారం ఉంది, నీకో డిస్కు ఉంది అని
ఒక్కొక్కదాన్నీ నమ్మించడమే నా ఉద్యోగం.
మరీ అబద్ధమనలేను. సంసారం లాంటిది.

ఒక్కొక్కటే తరలిస్తున్నాను.
కదులుతున్నట్టు వాటికి తెలియదు.
సగం వాక్యం దగ్గర ఇక్కడ ఆగి
తక్కిన సగం అక్కడ పలుకుతాయి.
పరకాయ ప్రవేశానికి కథల్లో రాజుకి
ఒక శవం, ఒక మంత్రం సరిపోయేవి.
నాకు ఒక కమాండు, ఇద్దరు మేనేజర్ల సంతకాలు, ఒక అనుమతి నంబరు.

ఒంటిగంట దాటాక జాబితాలో ఒకటే మిగిలింది. పేరు మేవిస్.
ఏ శాఖా దానికి డబ్బు కట్టడంలేదు.
లేని ప్రింటరుని ఒకదాన్ని పట్టుకుని కూచుని
కదలనంటోంది.
ఫోర్స్ అని కొడితే పోతుంది, ఒక్క క్షణం.
డైరెక్టరీలో దాని పక్కన ఒక ముక్క:
తీసేయవద్దు. ఎన్.టి., 1989.

నోయెల్ ట్రెథవీ రిటైరై తొమ్మిదేళ్లు.
క్రెస్విక్ అవతల కోళ్లు పెంచుకుంటున్నాడు.
సిగ్గుపడుతూనే ఫోన్ చేశాను. రెండో రింగుకే ఎత్తి
“మేవిస్ ఇంకా ఉందా?” అన్నాడు.

మేవిస్ ప్రయర్. రాత్రి షిఫ్టు ఆపరేటరు.
ఒక జూన్ రాత్రి టేపు ర్యాకుల మధ్య పడిపోయింది.
పొద్దున ఆరింటికి గానీ ఎవరూ చూడలేదు.
బతికిందిగానీ ఎడమ చెయ్యి తిరిగి రాలేదు.
ఆ వారమే నోయెల్ నలభై లైన్లు రాశాడు.
రెండు గంటలకోసారి కన్సోల్ మీద ఒక ప్రశ్న:
ఎవరైనా ఉన్నారా?
ఐదు నిమిషాల్లో ఎవరూ ఏ మీటా నొక్కకపోతే
గార్డు గదిలో ప్రింటరు కొట్టుకుంటుంది.

గార్డు గదిలో ఇప్పుడు సైకిళ్లు పెడుతున్నారు.
ప్రింటరు ఏ పాతసామాన్లవాడి దగ్గరుందో.
రాత్రి షిఫ్టుని ఒక స్క్రిప్టు మింగేసింది.
ఆ స్క్రిప్టు రాసింది నేను.
దానికి నాకో షీల్డు కూడా ఇచ్చారు.

స్పూల్ తెరిచాను.
తొమ్మిదివేల తొమ్మిదివందల తొంభైతొమ్మిది ఫైళ్లు. అంతకుమించి పట్టవు.
ఏది తీసినా ఒకే వాక్యం:
జవాబు లేదు. వెళ్లి చూడండి.
నిండిపోయాక కూడా అడగడం మానలేదు, పిచ్చిది.

“పడుకో నోయెల్,” అన్నాను. పెట్టేయలేదు అతను.
ఫోన్లో అతని ఊపిరి, ఇక్కడ ఫ్యాన్ల గాలి.
సరిగ్గా రెండింటికి వచ్చింది ప్రశ్న, పచ్చటి అక్షరాల్లో.

ఆ తెరకి తెలుగు రాదు.
ఇంగ్లీషు అక్షరాల్లోనే, కూడబలుక్కుంటున్నట్టు కొట్టాను:
ఉన్నాను.

సరే, నాలుగింటికి మళ్లీ వస్తాను, అంది.
ఆ వాక్యం కూడా అతనే రాసి ఉంటాడు. చదివి వినిపిస్తే
ముక్కు చీదుకున్న చప్పుడు.

తర్వాత ప్రింటరు లైను కొట్టేసి
ఆ చోట నా ఫోను నంబరు రాశాను.
మేవిస్‌ని ఇక్కడ ఆపి అక్కడ లేపాను.
అనుమతి పత్రంలో ఇలాంటిదానికి గడి లేదు.
ఇతరములు, అని రాసి
పాతదాని మెయిన్ స్విచ్ దగ్గరికి నడిచాను.
డారిల్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.
“నువ్వు ఆపు,” అన్నాడు.
“కాదు, నువ్వు,” అన్నాను.