ఒంటె లేని కథ

రువీలో, హోండా రోడ్డు వెనక, మూడో అంతస్తు.
గోడకీ ఫ్రిజ్‌కీ మధ్య ఇరికించిన బల్ల
నా ఆఫీసు.
రెసిడెంట్ కార్డు మీద మాత్రం
గృహిణి, పని చేయుటకు అనుమతి లేదు అని ఉంటుంది.
పొద్దున్నే దాన్ని డ్రాయర్లో పెట్టేసి
పనికి కూర్చుంటాను.

హైదరాబాదు నుంచి వస్తాయి పనులు, పదానికి యాభై పైసలు.
దోమతెర మీద రెండు వందల పదాలు,
మోకాళ్ల నూనె మీద మూడు వందలు,
ఎవరో డాక్టరుగారి ఆత్మకథలో రెండో అధ్యాయం.
ఆయన బాల్యం నేనే కనిపెట్టాలి.
కాలవలో ఈత కొట్టించాను, జామచెట్టు మీంచి పడేశాను,
చెయ్యి విరిగిందని రాస్తే
"విరగలేదమ్మా, కానీ బాగుంది, ఉంచెయ్యండి" అన్నారు.

ఇంటి అద్దె మా ఆయనది.
ఇంటర్నెట్ బిల్లు నాది.
ఆ బిల్లు కట్టిన రోజు
ఇంట్లో కాస్త చప్పుడు చేస్తూ నడుస్తాను.

పిల్లల కథలు మధ్యాహ్నం రాస్తాను.
వాటికి పదాల లెక్క లేదు,
కథకింత అంటారు, అదీ అచ్చయ్యాక.
ఎడిటర్ చిదంబరరావుగారిది ఒకటే కోరిక:
"అరబ్బు దేశంలో ఉన్నారు కదా, ఓ ఒంటెను పెట్టండి."

ఒంటెని నేను చూసింది ఒక్కసారి,
సలాలా దారిలో, బస్సు అద్దంలోంచి.
అదీ పడుకుని ఉంది.
నా కిటికీలోంచి కనబడేవి
గడ్డిపరక లేని గోధుమరంగు కొండ,
ఎదురు మేడ మీది డిష్షులు,
మా ఏసీ అవుట్‌డోర్ యూనిట్ మీద
తీగముక్కలూ కేబుల్ టైలూ ఏరుకొచ్చి
ఒక పావురం కట్టిన గూడు.
ఇక్కడ దానికి పుల్లలు దొరకవు.
దొరికినవాటితోనే కట్టింది.
దాని మీద మొదలుపెట్టాను కథ.

జూన్‌లో ఏసీ గుర్రుమంది.
బాగుచెయ్యడానికి వచ్చినతను గంగమల్లు,
ధర్మపురి దగ్గర ఊరట.
నిచ్చెన దిగి, మంచినీళ్లు తాగుతూ
బల్ల మీద కాగితాలు చూశాడు.
పిల్లల కోసమని పెద్ద అక్షరాల్లో తీసిన ప్రింటు.
తడిచెయ్యి ప్యాంటుకి తుడుచుకుని
వేలు పెట్టి చదివాడు,
పా... వు... రం...
ఒక్కో అక్షరం మీదా కొంచెం బరువు ఆనించి,
నిచ్చెన మెట్టు ఆగుతుందో లేదో చూసుకున్నట్టు.
మూడో పేజీలో వేలు ఆగింది.

"మేడమ్, గిది తప్పున్నది."
"అచ్చుతప్పా?"
"కాదు. ఏసీ నడుస్తుంటే గా డబ్బాలకెల్లి వేడిగాలి కొడ్తది.
గుడ్లు ఉడుకుతయి.
మీ కథల పిల్లలెట్ల పుడ్తయి?"

పన్నెండేళ్లుగా రాస్తున్నాను.
నా కథని అంతగా నమ్మి
ఎవరూ తప్పుపట్టలేదు.

గూటి జోలికి పోకుండా మిషను బాగుచేశాడు.
"పద్దెనిమిది దినాలు బంద్ వెట్టుండ్రి" అన్నాడు వెళ్తూ.
కథలో వాళ్లకి చెబుతున్నాడేమో అనుకున్నాను.
నాకే.

ఆ గదిలో, మెడకి తడి తువ్వాలు చుట్టుకుని,
పద్దెనిమిది రోజులు.
మోకాళ్ల నూనె వ్యాసం ఆ వారం కసిగా వచ్చింది.
మా ఆయన పరుపు హాల్లోకి లాక్కున్నాడు.
ఏమీ అనలేదు.
రాత్రిళ్లు మాత్రం ఫోను లైటు వేసి
గుడ్లు లెక్కపెట్టి వచ్చేవాడు, రెండే కదా ఉన్నవి.

మూడో పేజీ నుంచి మళ్లీ రాశాను.
చిదంబరరావుగారి జవాబు:
"వేసుకుంటాం. డబ్బు నలభై ఐదు రోజుల్లో.
చివర్లో ఓ ఒంటె అలా నడిచిపోతే ఇంకా బాగుండేది."

కొత్త ప్రింటు గంగమల్లు అడిగి పట్టుకెళ్లాడు,
కూతురికి ఫోన్‌లో చదివి వినిపిస్తాడట.
వారం తర్వాత వాడ్సాప్‌లో గొంతు:
"మేడమ్, బిడ్డ అడుగుతున్నది.
గా పావురం పేరేంది?"

పెట్టలేదు. పెట్టాలని తోచనే లేదు.
రేపు చెబుతానన్నాను.

పిల్లలు ఎగిరిపోయాయి. డబ్బు ఇంకా రాలేదు.
ఏసీ వేస్తే గూట్లోంచి ఒక తెల్ల కేబుల్ టై
వేడిగాలికి ఊగుతోంది.
బల్ల దగ్గర కూర్చుని
పేర్లు రాస్తున్నాను,
కొట్టేస్తున్నాను.