చుక్క పెరుగు

మునిశేఖర్ లాప్‌టాప్‌లో గళ్ళు గీస్తాడు.
నేను పాలలెక్క రాసే పాత డైరీలో గీస్తాను.
ఆదివారం ఆదివారం
ఈ మద్రాసుని ఇద్దరం
రెండు తక్కెళ్ళలో తూస్తున్నాం.

బ్రోకరు ఇల్లు చూపిస్తాడు.
హాలు, వంటిల్లు, తూర్పు వాకిలి,
బాల్కనీలోంచి మెడ చాపితే
వీసమెత్తు ఆకాశం.
నేను గేటు బయటికొచ్చి
ఇస్త్రీబండి దగ్గర నిలబడతాను.
"చొక్కాకి ఎంతన్నా?"
పెరుంబాక్కంలో పన్నెండు.
ఆవడిలో ఎనిమిది, చీరకైతే బేరం.
పోరూరులో పదిహేను. అతన్ని లోపలికి రానివ్వరట,
బట్టలే బయటికొస్తాయట.
ఊరి ఖరీదు బొగ్గుల పెట్టెకి తెలిసినంత
రంగుల బ్రోచరుకి తెలీదు.

పోరూరులో మెయింటెనెన్సు చదరపడుగుకి మూడున్నర.
మేం చూసింది తొమ్మిదివందల ఎనభై అడుగులు.
మూడువేల నాలుగువందల ముప్పై, నెలనెలా,
నేను దిగని ఈతకొలనుతో కలిపి.
పైగా కార్పస్ ఫండట.
నర్సుని కదా,
ఆ మాటకి నాకు ముందు మార్చురీయే గుర్తొచ్చింది.

పెరుంబాక్కంలో రెండుంబావే.
రెండువేల రెండువందల ఐదు!
మునిశేఖర్ మొహం మతాబాలా వెలిగింది.
మెట్లు ఊడుస్తున్నామెని అడిగాను, మరి నీళ్ళో?
"లారీ, అక్కా. ఎండ ముదిరితే రోజుకి నాలుగు."
ఏడాది మొత్తం సర్దితే
ఇంటికి నెలకు పద్నాలుగు వందలు.
కూడి చూస్తే
చవకది నూటడెబ్బై ఐదు రూపాయలు ప్రియం.

అక్కడే వాచ్‌మన్ కన్నియప్పన్
గోడకేసి చూపించాడు. కొత్త సున్నం.
"ఆ ఏడు నీళ్ళు ఇందాకా"
అని ఛాతీ మీద చెయ్యడ్డం పెట్టుకున్నాడు.
బ్రోకరు నవ్వాడు.
"ఆయన పొట్టి సార్, మీకైతే నడుమే."
డైరీలో రాసుకున్నాను: నడుము.
ఏ గడిలో వెయ్యాలో తోచక
అంచున రాశాను.

ఆవడిలో అన్నీ తక్కువే.
కూరలు, పాలు, బడి వ్యాను,
మూర మల్లెలు కూడా చెయ్యి సాగదీసి కొలుస్తారు.
నా ఆస్పత్రి మాత్రం తాంబరంలో.
పోనూ రానూ నాలుగు గంటలు.
"గంటకి ఎంత వేద్దాం?" అన్నాడు,
నిజంగానే, కీబోర్డు మీద వేళ్ళు పెట్టి.
ఏ గంటకి?
బుడ్డోడు ఎక్కాల పుస్తకం మీదే ఒరిగిపోయే గంటకా,
చపాతీ పిండి కలిపే గంటకా,
నైట్ డ్యూటీ దిగొచ్చి ఊరికే గోడకి చేరబడే గంటకా?
ఒక్కోదానిది ఒక్కో రేటు, అన్నాను.
కాసేపు ఏమీ కొట్టలేదతను.

రాత్రి, చూలైమేడు అద్దింట్లో,
పాలు కాచి గోరువెచ్చన చేసి చూస్తే
తోడుకి చుక్క పెరుగు లేదు.
ఎదురు వాటా తలుపు తట్టాను.
కోమళవల్లి నా చేతిలో గిన్నె చూసింది.
ఏం కావాలని అడగలేదు.
"నిన్నటిది, పుల్లబడింది, పరవాలేదా?" అంటూనే
స్పూను ముంచింది.
ఎనిమిదేళ్ళుగా
ఆమె పెరుగు నా పాలలో, నాది ఆమె పాలలో.
ఇప్పుడది ఎవరి పెరుగో
తేల్చమంటే ఏ కోర్టూ తేల్చలేదు.

పడుకోబోయే ముందు డైరీ తెరిచి
అడుగున కొత్త వరస గీశాను.
తోడు, అని రాశాను.
పోరూరు కింద ప్రశ్న గుర్తు.
పెరుంబాక్కం కింద
ఆ మెట్లు ఊడ్చే ఆమె పేరు వేద్దామనుకుంటే
అడగనే లేదు.
ఆవడి కింద ఖాళీ.

మునిశేఖర్ భుజం మీంచి తొంగి చూసి,
"ఇది నెలనెలానా, వన్‌టైమా?" అన్నాడు.